షెల్లుకూ షెల్లుకూ మధ్య డిలే వత్తి: నమ్మవచ్చా?

కోనసీమ కొబ్బరి

అందరికీ నమస్కారం. మా ఊరి స్వామి కల్యాణోత్సవాల్లో ఆఖరి రాత్రి బాణసంచా కాల్చడం తాతల నాటి ఆనవాయితీ. ఈసారి కమిటీలో నన్నూ వేశారు. సరుకు తెచ్చి కాల్చిపెట్టే లైసెన్సుదారు రెండు రకాలుగా ధర చెప్పాడు. మొదటి పద్ధతిలో షెల్లు (ఆకాశంలోకి ఎగిరి పువ్వులా పేలే గోళాలు) ఉన్న గొట్టాలన్నీ వరుసగా నిలబెట్టి, వాటిని డిలే వత్తితో (నిర్ణీత సమయం తీసుకుని కాలే వత్తితో) కలిపి, ఒక చివర నిప్పు పెడతారు. రెండో పద్ధతిలో ప్రతి గొట్టానికీ తీగ లాగి, కంప్యూటర్ పెట్టెకు కలిపి, నాదస్వరం రికార్డింగుకు తగ్గట్టు పేలుస్తారు. రెండో దానికి రెట్టింపు పైనే అవుతుంది.

పెద్దలు “ఇన్నేళ్లూ వత్తితోనే కాల్చాం, ఇప్పుడు తీగలు ఎందుకు” అంటున్నారు. కుర్రాళ్లేమో పాటతో కలిసి పేలకపోతే అసలు వద్దంటున్నారు. వత్తి పొడవు సరిచూసుకుంటే పాటతో కలపడం కుదరదా? తెలిసినవారు చెప్పండి.

శివకాశి సరుకు

డిలే వత్తి అంటే ఏదో కొత్త వస్తువు అనుకోకండి. దీపావళికి మీరు కాల్చే 60 షాట్ల పెట్టె మొత్తం దాని మీదే నడుస్తుంది. పెట్టెలో వరుసగా అట్ట గొట్టాలు ఉంటాయి. మీరు ఒక మూల అంటిస్తారు, నిప్పు ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి పాకుతూ పోతుంది. షాటుకూ షాటుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో తయారు చేసినవాడు ముందే నిర్ణయిస్తాడు. చివర్లో ఒక్కసారిగా పదీ పన్నెండూ ఎగిసిపోతాయి చూడండి, అక్కడ వేగంగా కాలే వత్తి వేసి ఉంటాడన్నమాట.

మీ లైసెన్సుదారు చేస్తానంటున్నదీ అదే, కాకపోతే పెద్ద ఎత్తున. ధరలో తేడా సరుకుది కాదు, తీగలు కలిపే మనుషుల కూలీ, పెట్టెల అద్దె.

మాంట్రియల్ మంచు

నేను ఇక్కడ కెనడాలో బాణసంచా ప్రదర్శనల బృందంలో పనిచేస్తాను, లైసెన్సు ఉంది. కొబ్బరి గారి ప్రశ్నలో రెండు వేర్వేరు వత్తులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి.

ఒకటి షెల్లు లోపల ఉండేది. గొట్టం అడుగున ఉన్న మందు అంటుకోగానే షెల్లు గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో పైకి లేస్తుంది. అదే క్షణంలో దాని పొట్టలోకి వెళ్లే టైమ్ ఫ్యూజు కూడా అంటుకుంటుంది. షెల్లు పైకి పోయి ఇక ఆగుతుందనగా ఆ నిప్పు లోపలికి చేరాలి, అప్పుడు పువ్వు విచ్చుకోవాలి. జపాన్ వాళ్లకు దీని మీద ఎంత పట్టింపంటే, షెల్లు ఇంకా ఎక్కుతుండగా పేలినా, దిగడం మొదలయ్యాక పేలినా, ఎంత రంగుగా ఉన్నా వాళ్ల లెక్కలో అది తక్కువ రకమే. కదలకుండా నిలిచిన క్షణంలో పేలితేనే వృత్తం గుండ్రంగా వస్తుంది. నాగఓకలో ఏటా ఆగస్టు 2, 3 తేదీల్లో 90 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న షెల్లు వేస్తారు, బరువు మూడు వందల కిలోల దాకా ఉంటుంది. అంత పెద్ద గోళం సరిగ్గా కొనకు చేరినప్పుడు పేలాలంటే లోపలి వత్తి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి.

రెండోది షెల్లుకూ షెల్లుకూ మధ్య బయట ఉండేది, గొలుసు వత్తి. మీ లైసెన్సుదారు మాట్లాడుతున్నది దీని గురించి.

మొదటి దానికి ప్రత్యామ్నాయం దాదాపు లేదు. 2004లో డిస్నీల్యాండ్‌లో మందు బదులు గాలి ఒత్తిడితో షెల్లు ఎగరేసి, లోపల ఎలక్ట్రానిక్ టైమర్‌తో పేల్చడం మొదలుపెట్టారు. పొగ తగ్గుతుంది, గురి కుదురుతుంది. కానీ అది అందరి జేబుకూ అందేది కాదు. రెండోది మాత్రం సంగీతంతో చేసే ప్రదర్శనల్లో చాలావరకు తీగలకు దారి ఇచ్చేసింది. ఇక్కడ మాంట్రియల్‌లో 1985 నుంచి లా రోండ్ వినోద పార్కులో అంతర్జాతీయ బాణసంచా పోటీ జరుగుతోంది. అక్కడ సంగీతంతో ఎంత కలిసిందన్నది న్యాయనిర్ణేతలు చూసే అంశాల్లో ఒకటి, కాబట్టి గొలుసు వత్తిని నమ్ముకుని వచ్చేవారు గెలవరు.

లెక్కల మాస్టారు

వత్తితో పాట కలుస్తుందా అన్నారు కాబట్టి కాగితం మీద చూద్దాం.

ఆరంగుళాల వ్యాసం ఉన్న షెల్లు సుమారు 180 మీటర్లు ఎగురుతుంది (అంగుళానికి వంద అడుగులన్నది వాడుక లెక్క). అక్కడికి చేరడానికి నాలుగున్నర, ఐదు సెకన్లు. లోపలి వత్తి పది శాతం అటూ ఇటూ కాలిందనుకోండి, అర సెకను తేడా. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది సరిగ్గా అర సెకను. అంటే ఒక దెబ్బ మొత్తం తప్పినట్టే.

ఇప్పుడు గొలుసు సంగతి. రెండేసి సెకన్ల విరామాలు నలభై ఉన్నాయనుకుందాం, మొత్తం 80 సెకన్లు. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే తేడాలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. కానీ ఆ సాయంత్రం గాలిలో తేమ ఎక్కువై వత్తి మొత్తం పది శాతం నెమ్మదించిందంటే కొట్టివేత ఉండదు, అంతా ఒకే వైపు పేరుకుంటుంది. చివరి షెల్లు ఎనిమిది సెకన్లు ఆలస్యం. పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతుంటే పైన ఒక పువ్వు.

ఇంకొకటి, దీన్ని ఏ కంప్యూటరూ సరిదిద్దలేదు. గొట్టాలకు 250 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి 180 మీటర్ల ఎత్తులోని పేలుడు దాదాపు 310 మీటర్ల అవతల ఉంటుంది. ధ్వని అక్కడి నుంచి రావడానికి 0.9 సెకను. కాబట్టి పాటకు కలిసేది వెలుగే, చప్పుడు ఎప్పుడూ వెనకబడే వస్తుంది.

మాంట్రియల్ మంచు

మాస్టారి లెక్క సరైనదే. అందుకే మేం ప్రోగ్రామ్ రాసేటప్పుడు దెబ్బ పడే క్షణాన్ని గుర్తుపెట్టి, షెల్లు ఎక్కే సమయాన్ని అందులోంచి తీసేసి, అంత ముందుగా నిప్పు వేయిస్తాం. ఆ సమయం మూడంగుళాలదానికి ఒకటి, ఆరంగుళాలదానికి ఒకటి, పన్నెండు అంగుళాలదానికి ఇంకొకటి. పల్లవి మొదలయ్యే చోట ఆకాశంలో ఐదు పరిమాణాలు ఒకేసారి విచ్చుకోవాలంటే, కింద ఐదూ వేర్వేరు క్షణాల్లో బయల్దేరాలి.

ఇంకో కిటుకు: మృదంగం దెబ్బలాంటి పదునైన చోట్ల షెల్లు వాడనే వాడం. నేల మీది గొట్టం నోటి దగ్గరి నుంచే రంగు చిమ్మేవి ఉంటాయి, మైన్లు, సింగిల్ షాట్లు. వాటిలో ఎక్కే సమయమూ లేదు, లోపలి వత్తీ లేదు. తీగలో కరెంటు పారిన మరుక్షణం వెలుగు.

త్రిస్సూర్ తెలుగువాడు

ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను. మీరందరూ పాట, దెబ్బ, సెకను అంటూ మాట్లాడుతున్నారు కానీ ఇక్కడి పూరం గుడి ఉత్సవంలో కాల్చే బాణసంచా, వెడిక్కెట్టు అంటారు, ఒకసారి వినండి. వినండి అనే అంటున్నాను, చూడండి అనడం లేదు. వడక్కున్నాథన్ గుడి చుట్టూ ఉన్న తెక్కిన్‌కాడు మైదానంలో పారమెక్కావు, తిరువంబాడి అనే రెండు గుళ్ల వర్గాలు తెల్లవారుజామున ఒకరి తర్వాత ఒకరు కాలుస్తారు. నిప్పు వరుస వెంట పాకుతూ, మొదట్లో నింపాదిగా, పోను పోను దగ్గర దగ్గరగా, చివరికి విడివిడిగా వినపడకుండా ఒకే గర్జనగా మారుతుంది. నేల అదరడం అరికాళ్లకు తెలుస్తుంది. చెండమేళంలో (కేరళ గుళ్ల డోలు మేళంలో) వేగం పెంచుకుంటూ పోయినట్టే ఉంటుంది. దానికి పాట అక్కర్లేదు, అదే పాట.

ఆ ఎత్తుగడ వత్తిది. అందులో కొంచెం తడబాటు, కొంచెం తొందర ఉండబట్టే ఊపిరి ఉంది. కంప్యూటర్‌తో సమానంగా విభజించి కాలిస్తే కుట్టు మిషన్ చప్పుడు వస్తుంది. కొబ్బరి గారి ఊళ్లో నాదస్వరం రికార్డింగు ఎందుకు, మేళం మనుషులే ఉంటారు కదా? వత్తితో కాల్చండి, మేళం దాన్ని చూసి వాయిస్తుంది.

మాంట్రియల్ మంచు

అందం విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా పేచీ వేరే చోట ఉంది. నిప్పు అంటుకున్న గొలుసును ఆపలేరు.

గొట్టాల చట్రం ఒకటి ఒరిగిందనుకోండి. లేదా ఒక షెల్లు గొట్టంలోనే పేలి పక్కవాటిని పడగొట్టిందనుకోండి. తీగల పద్ధతిలో బటన్ మీద వేలు పెట్టుకుని ఉండే మనిషి వేలు తీస్తే చాలు, ఇంకా పేలనివి పేలవు. గొలుసులో అయితే నిప్పు తన దారిన తాను పోతూనే ఉంటుంది, గొట్టం ఆకాశం వైపు ఉందా జనం వైపు ఉందా దానికి పట్టదు. 2013 జులై 4న కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో ఒక షెల్లు గొట్టంలోనే పేలి పక్క గొట్టాలు పడిపోయాయి, తర్వాతి షెల్లు అడ్డంగా ప్రేక్షకుల మీదికి వచ్చాయి. ముప్పై మందికి పైగా గాయపడ్డారు.

గొట్టంలో పేలడం అనుభవం లేనివారికే జరుగుతుందనుకోకండి. కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద షెల్లు ఎగరేస్తామని 2019లో ప్రయత్నిస్తే అది గొట్టంలోనే పేలిపోయింది. మరుసటి ఏడాది 62 అంగుళాల షెల్లు, 1,269 కిలోలది, ఎగిరి రికార్డు సాధించింది. అదే ఊరు, ఏడాది తేడా.

త్రిస్సూర్ తెలుగువాడు

అయితే శాన్ డియేగో గురించి కూడా చెప్పండి మరి. 2012 జులై 4. పదిహేడు, పద్దెనిమిది నిమిషాల ప్రదర్శన, అంతా కంప్యూటర్ మీదే. ఫైళ్లలో ఏదో చిక్కుబడి వేల షెల్లకూ ఒక్కసారే ఆజ్ఞ వెళ్లింది. పదిహేను సెకన్లలో మొత్తం అయిపోయింది. వేలు తీయడానికి ఎవరికి సమయం దొరికింది? వత్తికి ఆ జబ్బు లేదు. వత్తి ఎంత పాడైనా నిదానంగానే పాడవుతుంది.

మాంట్రియల్ మంచు

నిజమే, అది మా వృత్తిలో అందరూ చెప్పుకునే రాత్రి. కానీ ఆ పదిహేను సెకన్లలో ఎవరికీ గాయం కాలేదు. షెల్లు బార్జ్‌ల (బల్లపరుపు పడవల) మీద, నీళ్ల నడుమ, జనానికి దూరంగా ఉన్నాయి కాబట్టి. యంత్రం తప్పినా దూరం కాపాడింది.

“వత్తి నిదానంగానే పాడవుతుంది” అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. విడిగా నెమ్మదిగా కాలే వత్తి, కాగితపు గొట్టంలో ఇరుకుగా ఉంటే నిప్పు లోపలే పరుగెత్తి కళ్లు మూసి తెరిచేలోగా అవతలి కొసకు చేరుతుంది. రెండు సెకన్లు ఉండాల్సిన చోట ఏమీ లేకుండా పోతుంది. పక్క గొట్టం నుంచి ఎగిరిన రవ్వ వత్తి మధ్యలో పడినా అంతే, గొలుసు రెండు చోట్ల కాలడం మొదలుపెడుతుంది. గొట్టాల నోళ్లకు వెండి రంగు రేకు కాగితం బిగించి ఉంచడం చూసే ఉంటారు. వానకే కాదు, రవ్వలకు కూడా. షెల్లు దాన్ని చించుకుని పోతుంది, పక్కదాని మూత అలాగే ఉంటుంది.

అరటిపువ్వు

ఇంత చర్చ ఎందుకండీ, ఆ డిలే వత్తి ఇంట్లోనే చేసుకుంటే ఖర్చు ఉండదు కదా? మందు ఏది, పాళ్లు ఎంత [నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు

తయారీ విధానం, పాళ్లు, మందుల పేర్లు ఈ వేదికలో అడగవద్దు, చెప్పవద్దు. లైసెన్సు లేకుండా తయారు చేయడం నేరం. లైసెన్సు ఉన్న చోటే ఏం జరుగుతోందో చూస్తున్నాం: 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో ఎనిమిది మంది చనిపోయారు. చర్చ కొనసాగించండి.

లెక్కల మాస్టారు

నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఊళ్లలో అమ్మానాన్నలు సూరేకారం కలిపి చిచ్చుబుడ్లు దంచిన రోజులను తలచుకుని మురిసిపోయేవారికి నేనెప్పుడూ ఒకటే చెబుతాను, ఆ తరంలో వేళ్లు లేని మామయ్యలు ఎంతమందో కూడా లెక్కపెట్టండి.

కొలత ప్రకారం కాలే వత్తి అసలు పుట్టిందే ప్రాణాలు కాపాడడానికి. 1831లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో విలియం బిక్‌ఫర్డ్ చేశాడు, గనుల కోసం. అంతకుముందు గని కార్మికులు మందు కూరిన గడ్డి గొట్టాలను వత్తులుగా వాడేవారు. అది ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేక పరుగెత్తేలోపే పోయినవారు ఎందరో. ఇంత పొడవుకు ఇంత సమయం అని భరోసా ఇచ్చిన తొలి వత్తి అది. అది నిప్పు పెట్టినవాడు దూరంగా పోవడానికి ఇచ్చిన గడువు. తబలా దెబ్బకు కలపడానికి దాన్ని నిలదీయడం అన్యాయం.

కోనసీమ కొబ్బరి

చాలా తెలుసుకున్నాను. మీరు రాసింది కమిటీలో చదివి వినిపించాను. పెద్దల్లో ఒకాయన “సరే, ఒక్కసారే అంటించి వదిలేయడం వద్దు, కొంత ఇది, కొంత అది కుదరదా” అన్నారు. అలా ఉంటుందా? పైగా మాది కాలువగట్టు ఊరు, సాయంత్రమైతే మంచు కురిసినట్టు చెమ్మ.

శివకాశి సరుకు

ఎందుకు కుదరదు, ఎక్కువమంది చేసేది అదే. నాలుగైదు షెల్లను చిన్న గొలుసుగా కట్టి, గొలుసు మొదట్లో మాత్రం కరెంటుతో అంటుకునే ఇ-మ్యాచ్ పెడతారు. ఒక ఆజ్ఞకు నాలుగైదు షెల్లు. తీగలు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది. ఏదైనా తేడా వస్తే ఆ నాలుగైదే పోతాయి, తర్వాతి గొలుసు అంటుకోదు. మాస్టారు చెప్పిన ఆలస్యం కూడా పేరుకోదు, ప్రతి గొలుసూ కొత్తగా మొదలవుతుంది కాబట్టి.

చెమ్మ గురించి: సరుకు మధ్యాహ్నమే దించి ఆరుబయట పెట్టనివ్వకండి. ఇక చప్పుళ్ల సంగతి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేసే బాణసంచా కాల్చరాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది, కల్యాణ ముహూర్తం ఆలస్యమైందని పదిన్నరకు మొదలుపెట్టకండి. 2018లో బాణసంచాలో బేరియం లవణాలు (రంగు కోసం కలిపే రసాయనం) వాడడాన్నీ, సరాలుగా కట్టిన టపాకాయలనూ కూడా కోర్టు నిషేధించింది. వెయ్యి వాలాలు తెస్తానంటే వద్దనండి.

విశ్రాంత అగ్నిమాపకం

నేను ఈ శాఖలో పనిచేసి దిగినవాణ్ణి. వత్తా తీగా అన్నదాని మీద ఇంత రాశారు, సంతోషం. దూరం మీద మంచు గారు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలోని కొల్లం జిల్లా పరవూరులోని పుట్టింగల్ గుడిలో ఏం జరిగింది? పోటీ బాణసంచాకు జిల్లా యంత్రాంగం అనుమతి ఇవ్వలేదు, అయినా కాల్చారు. మండుతున్నది ఒకటి సరుకు దాచిన గది మీద పడింది. వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ తప్పింది సెకన్ల లెక్క కాదు, కాల్చే చోటికీ నిల్వ గదికీ జనానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ.

మాస్టారూ, మీరు లెక్క కట్టండి, లోపలి వత్తి ఆలస్యమైతే షెల్లు ఎక్కడిదాకా దిగుతుంది?

లెక్కల మాస్టారు

180 మీటర్ల దగ్గర నిలిచిన షెల్లు రెండు సెకన్లు ఆలస్యమైతే దాదాపు 20 మీటర్లు దిగుతుంది, ఎవరూ గమనించరు. నాలుగు సెకన్లయితే 78 మీటర్లు, జనం “అబ్బో, కిందికి వచ్చింది” అంటారు. ఆరు సెకన్లయితే 176. అంటే నేల మీద. గాలి నిరోధం కొంత ఆపుతుంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకూడదు.

మాంట్రియల్ మంచు

అందుకే అమెరికా ప్రమాణంలో షెల్లు వ్యాసంలో ప్రతి అంగుళానికీ కనీసం 70 అడుగుల దూరం అంటారు. ఆరంగుళాలదానికి 420 అడుగులు, 128 మీటర్లు. కొబ్బరి గారూ, మీ గుడి ముందు అంత ఖాళీ ఉందా? లేకపోతే వత్తీ తీగా పక్కన పెట్టి, మూడంగుళాలు దాటని షెల్లు మాత్రమే తెమ్మనండి. మన దగ్గరి దూరాలు లైసెన్సు షరతుల్లో ఉంటాయి, వాటిని చదివించుకోండి. గొట్టాలు ఇనుపవి తెస్తే ఒప్పుకోకండి, లోపల పేలితే ఇనుము ముక్కలై ఎగురుతుంది. మందపాటి ప్లాస్టిక్ లేదా ఫైబర్ గొట్టాలు మేలు.

అరటిపువ్వు

ఈ బాధలన్నీ లేకుండా డ్రోన్లు పెట్టించుకోవచ్చుగా? 2024 అక్టోబరులో విజయవాడ కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఎగరేశారు, ఎంత బాగుంది!

త్రిస్సూర్ తెలుగువాడు

బాగుంది. నేల అదిరిందా?

కోనసీమ కొబ్బరి

డ్రోన్ల ధర అడిగే ధైర్యం మా కమిటీకి లేదు లెండి.

నిన్న కుర్రాళ్లతో కలిసి టేపు పట్టుకుని కొలిచాం. గుడి ముందు మైదానంలో 128 మీటర్లు రావడం లేదు, అటు కొబ్బరితోట, ఇటు బడి ప్రహరీ. కాలువ అవతల కోతలైన పొలం ఉంది, అక్కడైతే ఎటు చూసినా రెండు వందలు దాటింది. జనం ఇవతలి గట్టున ఉంటారు, నిల్వ సరుకు పొలానికి ఆ చివర. మేళం గట్టు మీదే, రికార్డింగు లేదు. లైసెన్సుదారు నాలుగేసి షెల్ల గొలుసులకు ఒప్పుకున్నాడు, మొదటి ధర కంటే కొంచెమే ఎక్కువ. ఇనుప గొట్టాల సంగతి అడిగితే కాసేపు నసిగి, ఫైబర్‌వి వేరే ఊరి నుంచి తెప్పిస్తానన్నాడు. పొలం యజమాని మాత్రం మినుము చల్లేశాక ఎవరినీ దిగనివ్వనంటున్నాడు, ఆయనతో ఆదివారం మాట్లాడాలి.

విశ్రాంత అగ్నిమాపకం

పొలం దొరికితే ఇంకొక్క పని. కాల్చడం అయ్యాక వెంటనే ఎవరినీ కాలువ దాటనివ్వకండి, ముఖ్యంగా పిల్లలను. పేలని షెల్లు గొట్టాల్లో ఉండిపోతాయి, కొన్ని పొలంలో పడి ఉంటాయి. గొట్టం నోటి మీదికి వంగి టార్చి వేసి చూడడం అనే పని లైసెన్సుదారు మనుషులు కూడా చేయకూడదు. మర్నాడు వెలుగొచ్చాక పొలం మొత్తం ఇంకోసారి వెతికించి, దొరికినవన్నీ అతని చేతికే అప్పగించండి. మినుము చల్లేది ఆ తర్వాతే కాబట్టి యజమానికి కూడా ఆ మాట ముందే చెప్పండి.

కోనసీమ కొబ్బరి

అది ఒప్పందం కాగితంలో రాయిస్తాను.